రికార్డు పెట్టాంగా అనుకుంటాం, పొద్దున చూస్తే ఉండదు

పోయిన సంచికలో ఇన్వర్టర్ బ్యాటరీల గురించి రాస్తూ చివర్లో మాటవరసకి "మీ ఇంట్లో రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్సుతో ఏమైనా తిప్పలుంటే రాయండి" అని ఒక్క లైను పెట్టా. అంతే, తేనెతుట్టె కదిలించినట్టయింది. ఉత్తరాలు, మెయిళ్ళు, వాట్సాప్‌లో నాలుగేసి నిమిషాల వాయిస్ మెసేజ్‌లు, ఒకాయనైతే బాక్సు ఫోటో తీసి దాని మీద ఎర్ర పెన్నుతో ఇంటూ మార్కు కొట్టి పంపాడు. చాలామంది కంపెనీ పేర్లు కూడా రాశారు, అవి నేనే తీసేశా, ఎందుకంటే అందరూ అన్ని కంపెనీలనీ సమానంగానే తిట్టారు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో వీసీఆర్‌లు రిపేరు చేసినవాణ్ణి, పది రూపాయల నోటు స్పిరిట్‌లో తడిపి హెడ్ తుడిచిన చేతులివి, ఆ రోజుల్లో క్యాసెట్‌లో టేపు చిక్కుకుంటే పెన్సిల్ పెట్టి తిప్పి బయటికి లాగేవాళ్ళం, ఈ బాక్సుల్లో చిక్కుకుంటే పెన్సిలేం చేస్తుంది. సరే, ఉత్తరాల్లోకి వెళ్దాం.

ప్రశ్న: బాబాయ్, 2023 ఐపీఎల్ ఫైనల్ గుర్తుందిగా. నాది నైట్ డ్యూటీ. మే 28 ఆదివారం వానకి కొట్టుకుపోయింది, సోమవారం రిజర్వ్ డే అన్నారు, మళ్ళీ రికార్డింగ్ బుక్ చేసి డ్యూటీకెళ్ళా, ఎవడూ రిజల్ట్ చెప్పకూడదని ఫోన్ కూడా స్విచాఫ్ చేసుకున్నా. పొద్దున వచ్చి మొహం కూడా కడక్కుండా కూర్చుంటే గుజరాత్ బ్యాటింగ్ మొత్తం ఉంది, చెన్నై మూడు బంతులాడింది, ఆ తర్వాత అంతా వానే, కవర్లు, గొడుగులు, గ్రౌండ్ తుడవడం, అక్కడితో రికార్డింగ్ ఖతం. మొన్న ఇంకో మ్యాచ్‌కీ ఇదే జరిగింది. సరిగ్గా అసలు దగ్గరికొచ్చేసరికే ఎందుకు ఆగుతుంది ఇది? (కాకినాడ)

జవాబు: నీ బాక్సు మ్యాచ్ చూడట్లేదు తమ్ముడూ, గడియారం చూస్తోంది. రిమోట్‌లో గైడ్ నొక్కితే వచ్చే ప్రోగ్రాముల పట్టిక ఉంటుంది చూడు, అది ముందే తయారైన లిస్టు, అందులో మ్యాచ్ ఇన్నింటికి మొదలు ఇన్నింటికి ముగింపు అని ఉంటే బాక్సు ఆ టైముకి మొదలెట్టి ఆ టైముకి ఆపేస్తుంది, మహా అయితే ముందో రెండు నిమిషాలు వెనకో ఐదు నిమిషాలు కలుపుతుంది. అహ్మదాబాద్‌లో వాన పడుతోందని దానికెవరు చెప్తారు? కొన్ని దేశాల్లో గైడ్‌ని అప్పటికప్పుడు సవరించి బాక్సులకి పంపిస్తారు, ఆట సాగితే రికార్డింగూ సాగుతుంది, మన దగ్గర మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకు.

ఆ రోజు సంగతి నాకూ బాగా తెలుసు, నేను మేలుకునే చూశా. గుజరాత్ 214 కొట్టింది, చెన్నై మూడు బంతులకి 4 పరుగుల దగ్గర వాన, మళ్ళీ మొదలయ్యేసరికి రాత్రి 12 దాటింది, 15 ఓవర్లకి 171 టార్గెట్ ఇచ్చారు, ఆఖరి రెండు బంతులకి 10 కావాలి, మోహిత్ శర్మ బౌలింగ్‌లో జడేజా సిక్స్ ఒకటి ఫోర్ ఒకటి. అదయ్యేసరికి ఒంటిగంటన్నర. అంటే నీ బాక్సు దృష్టిలో మ్యాచ్ అయిపోయి ఎంతోసేపయ్యాక అసలు మ్యాచ్ మొదలైంది. (నీకు బాధ పెంచడానికి కాదు, చెప్పకుండా ఉండలేక చెప్పా.)

మందు ఏంటంటే, మ్యాచ్ ఒక్కటే బుక్ చెయ్యకు, దాని తర్వాత అదే ఛానల్లో ఉన్న రెండు మూడు ప్రోగ్రాములు కూడా బుక్ చెయ్, అవి పాత హైలైట్స్ అయినా సోది చర్చ అయినా సరే. లేదా మెనూలో మాన్యువల్ రికార్డింగ్ అని ఉంటే ఛానల్ నంబరు ఇచ్చి సాయంత్రం 7 నుంచి తెల్లారి 3 దాకా టైము నువ్వే పెట్టెయ్. జాగా పోతుందనుకుంటే తర్వాత డిలీట్ చేసుకోవచ్చు, ఆఖరి ఓవర్ మాత్రం తర్వాత తెచ్చుకోలేవు. ఇంకోటి, ఇలా వరసగా బుక్ చేసినప్పుడు ఇంట్లోవాళ్ళు అదే టైముకి ఇంకో రెండు పెట్టారనుకో, చాలా బాక్సుల్లో ట్యూనర్లు, అంటే ఛానల్‌ని పట్టుకునే భాగాలు, రెండే కాబట్టి ఏదో ఒకటి ఎగిరిపోతుంది, అది నీదే అవుతుంది, మా ఇంట్లో అనుభవం. డ్యూటీకి వెళ్ళేటప్పుడు గోడ స్విచ్ ఆపొద్దని కూడా చెప్పి వెళ్ళు, రిమోట్‌తో ఆపి స్టాండ్‌బైలో ఉంచితే రికార్డ్ చేసుకుంటుంది, కరెంటే లేకపోతే ఏం చేస్తుంది పాపం.

ప్రశ్న: నమస్తే అన్నా. మా బాక్సు వెనుక యూఎస్‌బీ ఉంటే పెన్ డ్రైవ్ పెట్టి బతుకమ్మ ప్రోగ్రాం రికార్డ్ చేసిన. ల్యాప్‌టాప్‌ల పెడితే ఏం ఓపెన్ అయితలేదు, గీ ఫైల్ ఏందో తెల్వది అంటుంది. పైంగ అండ్ల ఉన్న మా తమ్ముని పెండ్లి ఫోటోలు సుత పోయినయ్. జర చెప్పుండ్రి. (కరీంనగర్)

జవాబు: అయ్యో. మొదటిసారి పెట్టినప్పుడు బాక్సు ఫార్మాట్ చెయ్యాలా అని అడిగి ఉంటుంది, మీరు ఓకే నొక్కి ఉంటారు, అక్కడే ఫోటోలు పోయినయ్. ఇప్పుడైతే ఆ పెన్ డ్రైవ్‌లో ఇంకేం రాయకండి, వెంటనే తీసేసి మీ ఊళ్ళో డేటా రికవరీ చేసే షాపుకి తీసుకెళ్ళండి, మీద ఎక్కువ రికార్డ్ కాకపోతే కొన్నైనా దొరకొచ్చు.

ఇక ఫైల్ ఓపెన్ కాకపోవడం అంటే, అది పాడవ్వలేదు, తాళం వేసి ఉంది. డబ్బు కట్టే డీటీహెచ్, కేబుల్ బాక్సులు రికార్డ్ చేసేటప్పుడే దాన్ని గిలకరించి, మళ్ళీ విప్పే తాళంచెవి ఆ బాక్సు లోపలే పెట్టుకుంటాయి. మీ పక్కింట్లో అదే కంపెనీ అదే మోడల్ బాక్సు ఉన్నా దాన్లో కూడా ఆడదు. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కి బజార్లో దొరికే మామూలు బాక్సులుంటాయి చూడండి, వాటిలో చాలావాటికి ఈ బాధ లేదు, రికార్డ్ చేసింది కంప్యూటర్లో మామూలుగా ఆడుతుంది, యాదగిరి ఛానల్లో వచ్చే ప్రోగ్రాములు అట్ల పట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు. పెద్ద ప్రోగ్రామైతే ముక్కలు ముక్కలుగా వస్తుంది, పెన్ డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటి పోనియ్యదు, అందుకని.

ప్రశ్న: బాబాయ్ గారూ, ఇది ప్రశ్నో ఏడుపో నాకే తెలీదు. మా పాప నాలుగో క్లాసులో ఉన్నప్పుడు ఒక ఛానల్లో పిల్లల పాటల ప్రోగ్రాంలో పాడింది, రెండు నిమిషాలే, కానీ అదే మాకు. రికార్డ్ చేసి ఎవరొచ్చినా చూపించేవాళ్ళం. పోయిన నెల బాక్సు ఆన్ అవ్వడం మానేసింది, కాల్ చేస్తే కుర్రాడొచ్చి, రెండు నిమిషాలు చూసి, ఇది పోయిందండీ అని కొత్తది పెట్టి పాతది సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం పాప అడిగింది, నా పాట ఏది అని. అప్పుడు గుర్తొచ్చింది నాకు. కస్టమర్ కేర్‌కి ఎనిమిదిసార్లు చేశా, మీ రికార్డింగులకి మేము బాధ్యులం కాదు మేడం అంటున్నారు. ఏమైనా చెయ్యొచ్చా? (తణుకు)

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నేను కాసేపు మిగతా ఉత్తరాలు ముట్టుకోలేదు. మా షాపుకి కూడా ఇలాగే వచ్చేవాళ్ళు, పెళ్ళి క్యాసెట్‌కి బూజు పట్టిందండీ అని, కానీ అప్పుడు చేతిలో క్యాసెట్ ఉండేది, బూజు తుడిచి, తెగిన చోట అతికించి, గీతలతోనో పొగమంచుతోనో ఏదో ఒకటి చూపించేవాణ్ణి. మీ దగ్గర ఆ వస్తువే లేకుండా పోయింది.

ముందు చెయ్యాల్సింది, ఇవాళే, మీకు ఇచ్చిన సర్వీస్ రిక్వెస్ట్ నంబరు చెప్పి ఆ పాత బాక్సు ఎక్కడుందో కనుక్కోండి. లోకల్ డీలర్ దగ్గరే ఉంటే అదృష్టం, వాళ్ళు వెంటనే కంపెనీకి పంపరు, నాలుగైదు పోగయ్యాక పంపిస్తారు. దొరికితే దానికి వేరే అడాప్టర్ పెట్టి చూడమనండి. ఎందుకు చెప్తున్నానంటే బాక్సు చచ్చిపోయింది అని నా దగ్గరికొచ్చిన వాటిల్లో చాలావాటికి బాక్సుకేం కాలేదు, ఆ నల్ల అడాప్టర్ పోయింది. బాక్సు మీద ఎన్ని వోల్టులని రాసుంటే సరిగ్గా అన్నే ఉండాలి, ఆంపియర్లు అంతో, ఇంకొంచెం ఎక్కువో ఉన్నా పర్లేదు. లైటు వెలిగితే సగం గెలిచినట్టే.

ఎవరైనా "హార్డ్ డిస్క్ ఊడదీసి ఇస్తాం, కంప్యూటర్లో పెట్టుకోండి" అంటే డబ్బులివ్వకండి. పైన కరీంనగర్ తమ్ముడికి చెప్పిందే, తాళంచెవి డిస్కులో లేదు, బాక్సులో ఉంది. బాక్సూ డిస్కూ జంటగా బతికితేనే పాట. విడదీస్తే రెండూ దండగే. బాక్సు బతికినా మీ అకౌంట్‌కి ఇప్పుడు కొత్త బాక్సు కలిపేశారు కాబట్టి పాతదాన్ని ఒక్కరోజుకైనా మళ్ళీ యాక్టివేట్ చెయ్యమని అడగాలి, ఇది ఫోన్లో కుదిరే పని కాదు, కస్టమర్ కేర్ పిల్లలకి ఆ బటనే ఉండదు, కింద తేలని ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్ అని ప్రతి కంపెనీకీ ఉంటారు, వెబ్‌సైట్‌లో మెయిల్ ఉంటుంది, పాప పాట సంగతి దాచుకోకుండా మొత్తం రాయండి, అవతల కూడా మనుషులే ఉంటారు కదా.

రెండో దారి ఛానల్ వైపు నుంచి. ఇలాంటి ప్రోగ్రాములు ఇప్పుడు చాలావరకు ఛానల్ వాళ్ళే యూట్యూబ్‌లో ఎపిసోడ్లుగా పెడుతున్నారు, తేదీ తెలిస్తే వెతకడం తేలిక, పాప పేరుతో కాదు, ఎపిసోడ్ తేదీతో వెతకండి. ఇంకో మాట, ఇంటికొచ్చినవాళ్ళకి చూపించేటప్పుడు ఎవరో ఒకరు ఫోన్లో వీడియో తీసే ఉంటారు, చుట్టాల గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి, మా పాప పాట ఎవరి ఫోన్లోనైనా ఉందా అని. నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం ఉంది. దొరికితే నాకు తప్పకుండా రాయండి.

మిగతావాళ్ళకి ఒక్క ముక్క: ఇంట్లోవాళ్ళు టీవీలో కనిపించిన ప్రోగ్రాం ఏదైనా ఆ బాక్సులో ఉంటే ఇవాళ సాయంత్రమే గదిలో లైట్లు ఆపి, ఫోన్ని స్టాండ్ మీదో పుస్తకాల దొంతర మీదో అడ్డంగా పెట్టి, టీవీ నుంచి నేరుగా వీడియో తీసుకోండి. బొమ్మ గొప్పగా రాదు, పర్లేదు.

ప్రశ్న: మా అత్తగారికి ఐదు సీరియళ్ళు, ఐదూ సిరీస్ రికార్డింగ్ (ప్రతి ఎపిసోడూ దానంతటదే రికార్డయ్యేలా) పెట్టుకున్నారు. నేను ఆదివారం ఒక్క సినిమా పెట్టుకుంటే స్పేస్ లేదు అంటుంది. 500 జీబీ అని అమ్మారు, రెండు నెలలు కూడా రాలేదు. మోసం కాదా? (తెనాలి)

జవాబు: మోసం కొంచెం, లెక్క ఎక్కువ. హెచ్‌డీ ఛానల్ సెకనుకి 8 మెగాబిట్లు, అంటే 1 మెగాబైటు, తీసుకుంటుందనుకోండి, గంటకి 3.6 జీబీ. అరగంట సీరియల్ 1.8 జీబీ, వారానికి ఆరు రోజులు, ఒక్కో సీరియల్‌కి దాదాపు 11 జీబీ, ఐదింటికి వారానికి 54 జీబీ. 500లో కొంత బాక్సు తన కోసం ఉంచుకుంటుంది, లైవ్‌ని ఆపి వెనక్కి తిప్పుకుంటాం చూడండి, దానికి. మిగిలింది లెక్కేస్తే మీ అత్తగారు రెండు నెలల్లో డిస్కు నింపేయడంలో వింతేం లేదు, ఆవిడ చూసినవి డిలీట్ చెయ్యరు కదా, నా అంచనా కరెక్టే కదా.

ఇందులో బాక్సు తెలివితక్కువతనం కూడా ఉంది, రాత్రి వచ్చిన ఎపిసోడ్‌నే మధ్యాహ్నం మళ్ళీ వేస్తే కొన్ని బాక్సులు దాన్నీ కొత్తదనుకుని రికార్డ్ చేస్తాయి. సిరీస్ సెట్టింగులో కొత్త ఎపిసోడ్లు మాత్రమే అని గానీ, ఆఖరి ఐదే ఉంచు అని గానీ ఉంటే పెట్టండి. అది లేకపోతే ఆ సీరియళ్ళని హెచ్‌డీలో కాకుండా మామూలు ఛానల్ నంబర్ నుంచి రికార్డ్ పెట్టండి, జాగా మూడో వంతో నాలుగో వంతో సరిపోతుంది. మొహాల మీద జూమ్ చేసి మూడుసార్లు ఉరుము చప్పుడు పెట్టేదానికి హెచ్‌డీ ఎందుకు. ఈ మాట నేనన్నానని మాత్రం ఆవిడకి చెప్పొద్దు.

ప్రశ్న: కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ రికార్డింగ్ సగంలో తెగిపోతుంది, ఒక్కోసారి బాక్సు హ్యాంగ్. ఇన్వర్టర్ ఉంది, అయినా. (అనంతపురం)

జవాబు: ఇన్వర్టర్ వెనకో ముందో యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది, యూపీఎస్ వైపు పెట్టండి, మారే టైము తగ్గుతుంది, బాక్సు రీస్టార్ట్ అవ్వదు. బాక్సు ఆ లైన్ మీదే ఉందో లేదో కూడా చూడండి, చాలా ఇళ్ళల్లో టీవీ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో ఉండదు. బాక్సుని అద్దాల అల్మరాలో మూసిపెట్టకండి, డిస్కు స్టాండ్‌బైలో కూడా చాలా బాక్సుల్లో తిరుగుతూనే ఉంటుంది, వేడికి ముందు అదే పోతుంది. 20 వాట్లు తింటుందనుకున్నా, రోజంతా ఆన్‌లో ఉంటే నెలకి 14 యూనిట్ల పైమాటే, మీరు టీవీ చూసినా చూడకపోయినా. వానలో బొమ్మ పోవడం వేరే సంగతి, అది మేడ మీది డిష్ సిగ్నల్ సమస్య, దాన్ని ఇన్వర్టర్ బాగు చెయ్యదు.

ప్రశ్న: రీచార్జ్ అయిపోయింది, సరే ఛానళ్ళు రావు, ఒప్పుకున్నా. కానీ నేను డబ్బులు కట్టిన రోజుల్లో రికార్డ్ చేసినవి కూడా తెరవనివ్వట్లేదు! బాక్సు నాది, కరెంటు నాది. వేరే కంపెనీకి మారదామంటే ఈ బాక్సు పనికిరాదంట. (ఖమ్మం)

జవాబు: మీ కోపంతో నేను నూటికి నూరుపాళ్ళూ ఏకీభవిస్తా. బాక్సు కొనేటప్పుడు చేతికిచ్చిన కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో, అకౌంట్ యాక్టివ్‌గా ఉంటేనే రికార్డింగులు ఆడతాయని ఉంటుంది, చదివేదెవరు. దీన్ని అద్దె బీరువా అనుకోండి, బట్టలు మీవి, తాళం ఓనర్ది, ఆ నెల అద్దె పడకపోతే మీ బట్టలు మీకే ఇవ్వడు. కొన్ని కంపెనీలు రికార్డింగ్ సౌకర్యానికి నెలనెలా వేరేగా కూడా తీసుకుంటాయి, బిల్లులో ఒకసారి వెతకండి. ఊరెళ్తూ రీచార్జ్ ఆపాలనుకుంటే ఆపేముందే చూడాల్సినవి చూసెయ్యండి, లేదంటే చిన్న ప్యాక్‌కి మారి అకౌంట్‌ని బతికించండి.

కంపెనీ మారే సంగతికొస్తే, ఫోన్ నంబరు మార్చకుండా కంపెనీ మారే సౌకర్యం దేశమంతా 2011 జనవరిలోనే వచ్చింది, టీవీ బాక్సులకి మాత్రం అది రాలేదు. ఏ కంపెనీ బాక్సైనా ఏ కంపెనీకైనా పనిచేసేలా ఉండాలని ఫోన్, టీవీ కంపెనీల మీద నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో కేంద్రానికి సిఫారసు చేసింది, ఇప్పటికీ కంపెనీ మారితే బాక్సు మారుస్తున్నాం, పాతవి అటక మీద పడేస్తున్నాం, మా అటక మీద మూడున్నాయి. ఒకవేళ వచ్చినా ఛానళ్ళు వస్తాయేమో గానీ పాత రికార్డింగులు వస్తాయన్న ఆశ నాకు లేదు.

డబ్బు తీసుకుని మాట తప్పారన్న ఫిర్యాదు ఉంటే ముందు కంపెనీలో కంప్లైంట్ నంబరు తీసుకోండి, తర్వాత నోడల్ ఆఫీసర్, అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో కూడా మాట్లాడతారు. ట్రాయ్‌కి రాసి కూర్చోకండి, వాళ్ళు ఒక్కొక్కరి కేసు తీర్చరు, కంపెనీకే పంపించేస్తారు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలన్నా 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. బాక్సు కోసం అంత దూరం వెళ్తారా అంటే అది మీ ఓపిక.

ప్రశ్న: అంకుల్, మేము డాలస్‌లో ఉంటాం. ఇక్కడ హార్డ్ డిస్క్ బాక్స్ తీసేసి క్లౌడ్ డీవీఆర్‌కి (రికార్డింగులు కంపెనీ సర్వర్‌లోనే ఉంటాయి) మారాం, జాగా గొడవ లేదు. కానీ గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ పోయిన ఏడాది చూసిన వంట ప్రోగ్రాం మళ్ళీ కావాలంటే మాయమైపోయింది. క్లౌడ్‌లో కూడా పోతాయా?

జవాబు: పోతాయి బాబూ, చెప్పాపెట్టకుండా కాదు, ముందే చెప్పి మరీ పోతాయి. అక్కడి యూట్యూబ్ టీవీ అనే చందా సర్వీసులో రికార్డ్ చేసినవి 9 నెలలు ఉంటాయి, తర్వాత వాళ్ళే తీసేస్తారు. మీ సర్వీసు ఏదో నువ్వు రాయలేదు, దాని గడువు ఎంతో ఓసారి చూడు. డిస్కు పగిలే భయం లేదు, తారీఖు భయం ఉంది, అంతే తేడా.

మీ దేశంలో దీని వెనక తమాషా కథ ఉంది. ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డ్ చేసుకోవడం తప్పు కాదని 1984లో అక్కడి సుప్రీంకోర్టు సోనీ బీటామ్యాక్స్ (వీసీఆర్ లాంటి మెషీనే) కేసులో తేల్చింది, స్టూడియోలు ఓడిపోయాయి. తర్వాత ఒక కేబుల్ కంపెనీ రికార్డింగ్‌ని ఇంట్లో బాక్సులో కాకుండా తన సర్వర్‌లో పెడతానంటే మళ్ళీ కోర్టు, 2008లో న్యూయార్క్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు సరే అంది. అక్కడ పనికొచ్చిన వాదన ఏంటంటే, ఎవరు రికార్డ్ నొక్కితే వాళ్ళకి విడిగా ఒక కాపీ. అంటే ఒకే మ్యాచ్‌ని లక్షమంది నొక్కితే ఒక్క కాపీ దాచి అందరికీ చూపించకుండా లక్ష కాపీలు దాచాలన్నమాట! మా షాపులో ఒక్క సినిమా క్యాసెట్ వీధి మొత్తం తిరిగొచ్చేది. అమ్మకి ఆ వంట ఏదో చెప్పమను, చేపల పులుసు అయితే నాకూ తెలుసు, రాసి పంపుతా.

ప్రశ్న: యాడ్స్ రాకుండా రికార్డ్ చేసే బాక్సు ఏదైనా ఉందా? (హనుమకొండ)

జవాబు: మా అమ్మ ఉండేది, వీసీఆర్ పాజ్ బటన్ మీద వేలు పెట్టుకుని. ఇప్పుడు ఫార్వర్డ్ బటనే గతి.

ప్రశ్న: బాబాయ్ గారూ, మా అమ్మమ్మకి 78 ఏళ్ళు, బ్రహ్మోత్సవాలు ఎస్వీబీసీలో ఒక్కటీ వదలరు, కానీ గరుడ సేవ రాత్రి చాలాసేపు అవుతుంది, నిద్రాపుకోలేరు. రికార్డ్ చెయ్యడం నేర్పుదామంటే రిమోట్ చూసి భయపడుతున్నారు, ఏదో నొక్కితే భాష మారిపోయింది, ఇంకోటి నొక్కితే ఏకంగా బొమ్మే పోయింది. నేను హైదరాబాద్‌లో ఉంటా, ఫోన్లో చెప్పలేక చస్తున్నా. (శ్రీకాకుళం)

జవాబు: రిమోట్‌లో నలభై బటన్లు పెట్టినవాడు ఒక్కసారి ఆవిడ ముందు కూర్చుంటే తెలుస్తుంది. నేర్పొద్దు, నువ్వు చెయ్. చాలా కంపెనీల యాప్‌లో దూరం నుంచే రికార్డింగ్ బుక్ చెయ్యొచ్చు, బాక్సు ఆ సౌకర్యం ఉన్న మోడలై, నెట్‌కి కలిపి ఉండాలి, ఒకరోజు ముందే బుక్ చెయ్, ఆఖరి నిమిషంలో పంపిస్తే బాక్సుకి అందకపోవచ్చు. గరుడ సేవ ఐదో రోజు రాత్రి, కాకినాడ తమ్ముడికి చెప్పినట్టే దాని తర్వాత ప్రోగ్రాములు కూడా కలిపి పెట్టు, వాహనం తిరిగి మండపం చేరేదాకా గడియారం ఆగదు. పొద్దున ఆవిడ చూడ్డానికి మూడు బటన్లే కావాలి: రికార్డింగుల లిస్టు, కింది బాణం, ఓకే. ఆ మూడింటి మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టించు, మిగతావాటి మీద తెల్ల ప్లాస్టర్ అంటించేయమను. మా ఇంటి రిమోట్ నాలుగేళ్ళుగా అలాగే ఉంది, ప్లాస్టర్ ఏడాదికోసారి మారుస్తున్నాం.